మోతాదు ఎవరి దేహానికి? : హైదరాబాదులో ఔషధ యుక్తాయుక్త విచారణ (1888–2018)

ఉపోద్ఘాతం

వైద్యానికి సంబంధించి తెలుగువారి నోట నిత్యం నలిగే మాటలలో మాత్ర, మోతాదు, పథ్యం అనే మూడు ప్రత్యేకంగా పరిశీలించదగినవి. మాత్ర అంటే కొలత. ఛందస్సులో అది కాలపు కొలత, వైద్యంలో ఔషధపు కొలత. కొలిచి ఇచ్చే గుళికకే క్రమంగా ఆ పేరు స్థిరపడింది. మోతాదు అన్యదేశ్యం. అరబీలో 'ముఅతాద్' అంటే అలవాటైనది, వాడుకగా వస్తున్నది అని అర్థం. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, ఒకసారికి వాడదగిన మందు పరిమాణం అనే అర్థంలో నిలిచింది. మూడవదైన పథ్యానికి దారి తప్పనిది అని వ్యుత్పత్తి. పాణిని ఏ సూత్రంతో న్యాయ్య శబ్దాన్ని సాధించాడో ఆ సూత్రంతోనే పథ్య శబ్దాన్నీ సాధించాడు. రెండింటిలోనూ ఉన్న భావం ఒకటే: తగిన మార్గాన్ని విడవకపోవడం.

ఈ మూడు మాటలలో ఒక పెద్ద ప్రశ్న ఇమిడి ఉంది. కొలత ఎవరిది? అలవాటు ఎవరికి? ఏ దారి తప్పకూడదు? రాసిచ్చిన మందు ఆ రోగికి తగినదా, ఆ పరిమాణంలో ప్రమాదం లేనిదా అని విచారించడం నేటి వైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. ఈ విచారణ చరిత్రలో హైదరాబాదుకు చెప్పుకోదగిన స్థానం ఉంది. ముఖ్యంగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణను ఆనుకొని ఉన్న తార్నాక, హబ్సిగూడ ప్రాంతపు పరిశోధనశాలలకు ఇందులో భాగం ఉంది. 1888 నాటి క్లోరోఫాం కమిషన్ మొదలుకొని 2018 వరకు ఈ విచారణ నడిచిన తీరును అనుసరించి, ప్రతి దశలోనూ 'ప్రమాణ దేహం' అనే భావన ఎలా మారిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన వైద్యం వేసిన పునాది

పథ్యం గురించి చెప్పేటప్పుడు చరక సంహిత ఏ ద్రవ్యమూ స్వతస్సిద్ధంగా హితమనో అహితమనో తీర్మానించలేదు. మాత్ర, కాలం, సంస్కారం, దేశం, దేహం, దోషం అనే వాటిని బట్టి హితాహితాలు మారతాయని చెప్పింది. సరిగా ప్రయోగిస్తే తీక్ష్ణమైన విషమూ మందవుతుందని, ప్రయోగం తప్పితే మందే విషమవుతుందని కూడా ఆ గ్రంథం హెచ్చరించింది. ఆంధ్రదేశంలో వ్యాప్తి పొందిన బసవరాజీయం వంటి వైద్య గ్రంథాలు సంస్కృతంతో పాటు తెలుగునూ వాడుకొని ఈ జ్ఞానాన్ని స్థానిక వైద్యులకు అందించాయి. అనుపానం, పథ్యం చెప్పకుండా మందు ఇవ్వడం ఆ సంప్రదాయంలో అసంపూర్ణ చికిత్స.

ఈ పునాదిని గౌరవిస్తూనే దాని హద్దును కూడా గుర్తించాలి. దేహ భేదాన్ని ఆ శాస్త్రం సూత్రంగా గుర్తించింది. అయితే వందలాది రోగులను వర్గాలుగా విభజించి, ఫలితాలను లెక్కించి, పోల్చి చూసే పద్ధతి ఆనాటిది కాదు. వైద్యుని అనుభవమే అక్కడ ప్రమాణం. ఆ అనుభవాన్ని బయటివారు పరీక్షించే ఏర్పాటు ఆధునిక కాలంలోనే రూపుదిద్దుకొంది. హైదరాబాదు చరిత్ర ఇక్కడి నుంచే మొదలవుతుంది.

క్లోరోఫాం కమిషన్లు: శ్వాసా, గుండెా?

1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మరుసటి సంవత్సరం ఆరంభంలోనే ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే బాలిక చిన్న శస్త్రచికిత్స సందర్భంలో మరణించింది. అప్పటి నుంచి వైద్యలోకం రెండు పక్షాలుగా చీలింది. క్లోరోఫాం నేరుగా గుండెను దెబ్బతీయగలదని, నాడిని కనిపెట్టి ఉండాలని ఒక పక్షం వాదించింది. ప్రమాదం శ్వాస ఆగడంలోనే ఉందని, శ్వాసను గమనిస్తే చాలునని ఎడింబరో పక్షం వాదించింది. జేమ్స్ సైమ్ ఈ రెండవ పక్షానికి పెద్ద. ఆయన శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, హైదరాబాదు వైద్య పాఠశాల బాధ్యతలు స్వీకరించాడు.

లారీకి తన గురువు మాటపై అచంచలమైన విశ్వాసం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో క్లోరోఫాం ఇచ్చిన అనుభవం దాన్ని మరింత బలపరిచింది. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడి కుక్కలపై ప్రయోగాలు జరిపింది. శ్వాసే ముందుగా ఆగుతుందని తేల్చింది. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఈ నిర్ణయాన్ని అంగీకరించలేదు. బ్రిటన్‌లోనే గ్లాస్గో పరిశోధకులు 1880 నాటికి ఇందుకు భిన్నమైన ఫలితాలు ప్రకటించి ఉన్నారు. అప్పుడు లారీ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వాన్ని ఒప్పించి, లాన్సెట్ తన ప్రతినిధిని పంపేందుకు వెయ్యి పౌండ్లు ఇప్పించాడు. ఆ ప్రతినిధిగా ప్రసిద్ధ ఔషధ శాస్త్రవేత్త థామస్ లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. లారీ, బ్రంటన్, జెరాల్డ్ బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండవ కమిషన్ పనిచేసింది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగాయి. రక్తపీడనాన్ని యంత్రాలతో నమోదు చేశారు. ఫలితాలు 1890లో లాన్సెట్‌లో వెలువడ్డాయి. పూర్తి నివేదిక 1891లో బొంబాయిలో అచ్చయింది. లారీ వాదమే నెగ్గినట్లు ఆనాడు కనిపించింది.

ఒక సంస్థానం తన ఖర్చుతో, తన నగరంలో, ఒక మందు భద్రతను గురించి అంతర్జాతీయ వివాదాన్ని ప్రయోగంతో తీర్చడానికి పూనుకోవడం ఆ కాలానికి అసాధారణ విషయం. ఈ కీర్తి వెనుక ఉన్న తర్కదోషాన్ని కూడా చెప్పక తప్పదు. క్లోరోఫాం వల్ల ఎవరైనా మరణిస్తే, శ్వాసను సరిగా గమనించకపోవడమే కారణమని లారీ సమాధానం. ఏ సాక్ష్యమూ ఖండించలేని విధంగా సిద్ధాంతాన్ని నిలుపుకోవడం అది. 1911లో గుడ్‌మన్ లెవీ జరిపిన ప్రయోగాలు అసలు గుట్టు విప్పాయి. క్లోరోఫాం మత్తు లోతుగా కాక తేలికగా ఉన్నప్పుడే, అడ్రినలిన్ ప్రభావంతో కలిసి, గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని ఆయన నిరూపించాడు. శ్వాసను కనిపెట్టమన్న హైదరాబాదు హెచ్చరిక విలువైనదే. నాడిని కనిపెట్టనక్కరలేదన్న ముక్తాయింపు మాత్రం తప్పు. సంఖ్య ఎక్కువైనంత మాత్రాన ప్రశ్న సరైనదైపోదనే పాఠం ఈ కమిషన్ల చరిత్ర మిగిల్చింది. శస్త్రచికిత్సకు భయపడి, గుండె దడదడలాడుతూ బల్లపై పడుకొన్న మనిషి ఆ ప్రయోగశాలలో లేడు. ఆ నివేదికకు ప్రమాణ దేహం జంతువుదే.

ఈ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫాం ఇచ్చే వైద్యురాలిగా పనిచేసింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పలువురు వైద్య చరిత్రకారులు ఆమెను గుర్తిస్తున్నారు. 1909లో భౌతిక, రసాయన శాస్త్రాలు చదవడానికి ఆమె ఎడింబరో వెళ్ళింది. కమిషన్ నివేదికలలో ప్రముఖంగా కనిపించేవి దొరల పేర్లు. రోగి పక్కన నిలబడి మందు చుక్కలు లెక్కించిన చేతుల చరిత్ర ఇంకా విస్తృతంగా రాయవలసే ఉంది.

బోధన భాష, విశ్వవిద్యాలయం, తార్నాక

1846లో ప్రారంభమైన హైదరాబాదు వైద్య పాఠశాలలో తొలుత ఉర్దూలో పాఠాలు చెప్పారు. లారీ కాలంలో బోధన ఇంగ్లీషుకు మారింది. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, అనువాద సంస్థ దారుల్ తర్జుమా శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. వైద్యవిద్య మళ్ళీ ఉర్దూలో సాగింది. 1948లో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో చేరిన తరువాత తిరిగి ఇంగ్లీషు వచ్చింది. ఇన్ని మార్పులలోనూ తెలుగుకు వైద్యబోధనలో చోటు దక్కలేదు. రోగులలో అత్యధికులు తెలుగు మాట్లాడే ప్రాంతంలో, వారి వైద్యానికి సంబంధించిన తీర్పులు ఎప్పుడూ మరొక భాషలోనే వెలువడ్డాయి. ఈ విషయం వ్యాసం చివర మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

విశ్వవిద్యాలయానికి తూర్పు వైపున ఉన్న తార్నాక పేరు ఉర్దూలోని 'తార్', 'నాకా' అనే మాటల కలయిక అనీ, తీగ కంచె ఉన్న కాపలా చోటు అనీ జనశ్రుతి. 1944లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనశాల స్వాతంత్ర్యానంతరం ప్రాంతీయ పరిశోధనశాలగా, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా మారింది. మందులను చవకగా తయారుచేసే రసాయన మార్గాలను కనుగొనడంలో ఆ సంస్థ ప్రసిద్ధి పొందింది. ఎయిడ్స్ చికిత్సకు వాడిన జిడోవుడిన్‌ను దేశీయంగా తయారుచేసే విధానాన్ని ఎ.వి. రామారావు నాయకత్వంలో ఇక్కడ రూపొందించారు. మందు తయారీ ఆ సంస్థ పని అయితే, ఆ మందు చేరే దేహాన్ని పరిశీలించడం జాతీయ పోషకాహార సంస్థ పని అయింది.

అర్ధాకలి దేహం: జాతీయ పోషకాహార సంస్థ

1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణగా మొదలుపెట్టిన కృషి 1928 నాటికి పోషకాహార పరిశోధనశాలలుగా విస్తరించింది. 1950ల చివర ఆ సంస్థ హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన స్థిరపడింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. 1971లో ఆహార, ఔషధ విషప్రభావ పరిశోధన కేంద్రాన్ని అక్కడ నెలకొల్పారు. ఆహారాన్నీ మందునూ ఒకే కప్పు కింద పరిశీలించిన ఈ ఏర్పాటు, పథ్యం అనే పాత భావనకు ప్రయోగశాల రూపమని చెప్పవచ్చు.

ఆ కాలంలో ప్రపంచమంతా మందుల భద్రతను గురించి మేలుకొంటోంది. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ వల్ల వేలాది శిశువులు అవయవ లోపాలతో పుట్టారని 1961లో బయటపడింది. మరుసటి సంవత్సరమే అమెరికా తన ఔషధ చట్టాన్ని కఠినతరం చేసింది. కొత్త మందును మనుషులపై దశలవారీగా పరీక్షించే పద్ధతి స్థిరపడింది. ఆ పరీక్షలు ప్రధానంగా పాశ్చాత్య దేశాలలో, కడుపునిండా తినే మనుషులపై జరిగాయి. ఆ దేహాలకు తేలిన మోతాదే పాఠ్యపుస్తకాలలోకి ఎక్కి, భారతదేశపు వైద్యుల కలాలలోకి దిగింది. అలవాటైన పరిమాణం అనే మోతాదు శబ్దార్థం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అది అలవాటైన పరిమాణమే, కాని వేరొకరి దేహానికి.

ఈ అంతరాన్ని శాస్త్రీయంగా ప్రశ్నించినవారిలో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన, తరువాత ఆ సంస్థకు సంచాలకులైన కమలా కృష్ణస్వామి అగ్రగణ్యులు. పోషకాహార లోపం ఉన్న మనిషి శరీరంలో మందు గతి ఏమిటనేది ఆమె పరిశోధనలకు కేంద్రం. ప్రశ్న సులభంగా తోస్తుంది గాని సమాధానం అంత సులభం కాదు. నోటితో మింగిన మందు పేగుల నుంచి రక్తంలోకి చేరాలి. రక్తంలో కొంత భాగం ఆల్బుమిన్ అనే మాంసకృత్తుకు అంటిపెట్టుకొంటుంది. అంటకుండా మిగిలిన భాగమే పనిచేస్తుంది. కాలేయంలోని ఎంజైములు మందును విడగొడతాయి. మూత్రపిండాలు బయటికి పంపుతాయి. మాంసకృత్తులు చాలని ఆహారం ఈ మెట్లన్నింటినీ ప్రభావితం చేయగలదు. ఆల్బుమిన్ తగ్గితే, దాన్ని ఎక్కువగా అంటిపెట్టుకొనే ఫినైల్‌బ్యూటజోన్ వంటి మందులలో స్వేచ్ఛాభాగం పెరుగుతుంది. అదే మోతాదు మరింత ఘాటుగా పనిచేసే అవకాశం ఏర్పడుతుంది.

1977లో కమలా కృష్ణస్వామి, ఎ.ఎన్. నాయుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం ఈ దిశలో ఒక మైలురాయి. యాంటిపైరిన్ అనే మందు రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని బట్టి కాలేయ ఎంజైముల శక్తిని అంచనా వేసిన పరిశోధన అది. తరువాతి సంవత్సరాలలో టెట్రాసైక్లిన్, ఫినైల్‌బ్యూటజోన్, రిఫాంపిసిన్ వంటి మందులపై ఆ సంస్థలో అధ్యయనాలు సాగాయి. ఈ పరిశోధనల వరుస నుంచి తేలిన సారాంశం వైద్యులు సాధారణంగా ఊహించే దానికి భిన్నమైనది. బక్కచిక్కిన మనిషిలో మందు ఎప్పుడూ నెమ్మదిగానే ఖర్చవుతుందని అనుకోవడం సరికాదు. స్వల్ప, మధ్యమ స్థాయి లోపంలో మందు మామూలుగానో మరింత వేగంగానో ఖర్చు కావచ్చు. అప్పుడు మోతాదు చాలక జబ్బు మిగిలిపోయే ప్రమాదం ఉంది. శరీరం నీరుపట్టే తీవ్రస్థాయిలో కాలేయశక్తి కుంటుపడి మందు నిలిచిపోవచ్చు. అప్పుడు అదే మోతాదు విషమయ్యే ప్రమాదం ఉంది. ఆకలి కూడా ఒకటి కాదు, దానికి మెట్లున్నాయి. ఒక్కొక్క మెట్టు మీద మందు ఒక్కొక్క తీరుగా నడుస్తుంది.

'లంఖణం పరమౌషధం' అనే నానుడి ఈ వెలుగులో కొత్తగా కనిపిస్తుంది. ఉపవాసం మందుగా పనిచేయాలంటే ముందు నిత్యం తినే దేహం ఉండాలి. ఏడాది పొడవునా లంఖణం చేసే దేహానికి ఆ సామెత చెప్పే పథ్యం వర్తించదు. దేహాన్ని బట్టి హితాహితాలు మారతాయన్న పాత సూత్రానికి ఇక్కడ కొలతలతో కూడిన నిరూపణ లభించింది.

మందా, అన్నమా: విటమిన్-ఏ వివాదం

ఇదే ఆవరణలో మరొక మోతాదు కథ నడిచింది. విటమిన్-ఏ లోపంతో చిన్నపిల్లలు చూపు పోగొట్టుకోవడం అరవైలలో పెద్ద సమస్య. కొద్దికొద్దిగా రోజూ ఇవ్వడం సాధ్యం కాని పల్లెల్లో, విటమిన్-ఏ కాలేయంలో నిలవ ఉంటుందనే గుణాన్ని ఆధారం చేసుకొని, పెద్ద మోతాదును ఎడంగా ఇవ్వవచ్చునని ఈ సంస్థ శాస్త్రవేత్తలు క్షేత్ర పరిశోధనలతో చూపారు. 1970లో ఇది జాతీయ కార్యక్రమమైంది. ఒకటి నుంచి అయిదేళ్ళ పిల్లలకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు ఇచ్చే పద్ధతి దేశమంతా అమలుకు వచ్చింది.

ఇందులో చరిత్రకారుడు గుర్తించవలసిన విశేషం ఒకటుంది. ఆ కాలంలో సంస్థకు సంచాలకుడిగా ఉన్న కొలుతూరు గోపాలన్ తరువాతి దశాబ్దాలలో, తీవ్రలోపం తగ్గుముఖం పట్టినచోట్ల కూడా పిల్లలందరికీ పెద్ద మోతాదు ఇస్తూ పోవడాన్ని గట్టిగా ప్రశ్నించాడు. ఆకుకూరలు, కూరగాయలు, పాలు అందుబాటులోకి తేవడమే శాశ్వత మార్గమని వాదించాడు. ఒకనాడు అవసరమైన మందు, పరిస్థితి మారాక కూడా అలవాటుగా కొనసాగితే దాని యుక్తతను తిరిగి విచారించాలన్నది ఈ వాదన సారం. ఈ విషయంలో భిన్నాభిప్రాయాలు నేటికీ ఉన్నాయి. తమ సంస్థ నుంచే పుట్టిన మోతాదును తామే పునర్విచారణకు పెట్టడం మాత్రం లారీ వైఖరికి పూర్తిగా భిన్నం. ఒకరు సిద్ధాంతాన్ని సాక్ష్యం నుంచి కాపాడారు, మరొకరు సాక్ష్యం కోసం సిద్ధాంతాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు.

మందుచీటీ పరీక్ష

ప్రయోగశాలలో తేలిన సత్యం వైద్యుని బల్ల మీదికి చేరిందా అనేది తరువాతి ప్రశ్న. దీనికి సమాధానం మందుచీటీలోనే దొరుకుతుంది. 1975లో హాథీ కమిటీ దేశానికి అత్యవసరమైన మందుల పట్టికను సూచించింది. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన తొలి అత్యవసర మందుల పట్టికను ప్రకటించింది. 1983 జూలైలో భారత ప్రభుత్వం పలు మందులనూ మందుల మిశ్రమాలనూ నిషేధించింది. నొప్పి, వాపు తగ్గించే మందులతో విటమిన్లు కలిపిన మిశ్రమాలు, స్ట్రిక్నిన్, కెఫీన్ కలిపిన టానిక్కులు వాటిలో ఉన్నాయి. 1985లో నైరోబీలో జరిగిన నిపుణుల సమావేశం హేతుబద్ధ ఔషధ వినియోగానికి నిర్వచనం ఇచ్చింది. రోగి అవసరానికి తగిన మందు, ఆ రోగికి తగిన మోతాదులో, తగినంత కాలం, రోగికీ సమాజానికీ అతి తక్కువ ఖర్చుతో అందాలన్నది దాని భావం.

అదే 1985లో కమలా కృష్ణస్వామి, సహపరిశోధకులు జరిపిన ఔషధ సర్వే ఐరోపాకు చెందిన ఒక వైద్య ఔషధశాస్త్ర పత్రికలో వెలువడింది. సూత్రాలు ఒక వైపు, ఆచరణలు మరొక వైపు పెట్టి చూడడమే ఆ వ్యాసం శీర్షికలోని ఉద్దేశం. మందు దేహంలో ఏమవుతుందో ప్రయోగశాలలో చూసినవారే, ఆ మందు సమాజంలో ఏమవుతుందో చూడటానికి బయటికి రావడం ఇక్కడ గమనించదగినది. మందుచీటీ ఇక్కడ వ్యక్తిగత పత్రంగా మిగలక, సమాజ చరిత్రకు ఆధారపత్రంగా మారింది. శాసన పరిశోధకుడు శాసనంలో చెప్పిన దానినీ చెప్పకుండా విడిచిన దానినీ రెండింటినీ చదివినట్లే, చీటీ పరీక్షకుడు కూడా రాసిన మందునూ రాయని వివరాన్నీ చదువుతాడు. ఎన్ని మందులు రాశారు, వాటిలో సూక్ష్మజీవ నాశకాలెన్ని, సూదిమందులెన్ని, రసాయన నామంతో రాసినవెన్ని, అత్యవసర పట్టికలో ఉన్నవెన్ని అనే సూచికలను 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికం చేసింది.

నిషేధాల చరిత్ర 1983తో ముగియలేదు. 2016 మార్చి 10న కేంద్ర ప్రభుత్వం 344 స్థిర మోతాదు మిశ్రమాలను నిషేధించింది. న్యాయస్థానాల విచారణల అనంతరం 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలపై తిరిగి నిషేధం వెలువడింది. రెండు మూడు మందులను ఒకే మాత్రలో స్థిర నిష్పత్తిలో బంధిస్తే, రోగిని బట్టి మోతాదు మార్చే వీలు వైద్యునికి ఉండదు. కొన్ని జబ్బులలో ఈ బంధం మేలు చేస్తుంది, చాలా సందర్భాలలో అనవసరపు మందును మింగిస్తుంది. కనుక విచారణ ఒక్కొక్క మిశ్రమానికి విడిగా జరగవలసి వచ్చింది.

వంశం, మత్తుమందు

క్లోరోఫాంతో మొదలైన కథ ఇరవై ఒకటవ శతాబ్దిలో మత్తుమందు వద్దకే తిరిగి వచ్చింది. శస్త్రచికిత్సలో కండరాలను కొద్ది నిమిషాలపాటు సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము విడగొడుతుంది. ఆ ఎంజైము లేనివారిలో మందు ప్రభావం గంటల తరబడి నిలిచి, స్వయంగా ఊపిరి తీసుకోవడం ఆగిపోతుంది. తెలుగు మూలాలున్న వైశ్య సమాజంలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుందని మత్తు వైద్యులకు తెలుసు. 2006లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. బూపతి, విదేశీ శాస్త్రవేత్తలు కలిసి ఈ లోపానికి కారణమైన జన్యుమార్పును ప్రకటించారు. తార్నాకకు చేరువలో ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన లాల్జీ సింగ్, కె. తంగరాజ్ హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన జనాభా చరిత్ర పరిశోధన, వైశ్యులలో స్వవర్గ వివాహాలు సుదీర్ఘకాలంగా కొనసాగుతున్నాయని చూపింది. ఇటువంటి అరుదైన జన్యుమార్పు ఒక సమాజంలో సాంద్రంగా నిలవడానికి చారిత్రక నేపథ్యం దీనివల్ల తెలిసింది.

దీన్ని ఒక కులపు లోపంగా చదవడం తప్పు. స్వవర్గ వివాహాలు పాటించే ఏ సమాజంలోనైనా ఏదో ఒక అరుదైన జన్యులక్షణం పోగుపడే అవకాశం ఉంటుంది. ముందుగా తెలిసి ఉంటే వైద్యుడు వేరొక మందు ఎంచుకొంటాడు, తెలియకపోతే రోగిని గంటలకొద్దీ శ్వాసయంత్రంపై ఉంచవలసి వస్తుంది. వివాహ సంప్రదాయాల చరిత్ర శస్త్రచికిత్స బల్ల మీద ప్రాణాధారమైన సమాచారం కావడం ఇందులోని విశేషం. లారీ ఎంతో పట్టుబట్టి గమనించమన్న శ్వాసే ఇక్కడా ప్రధానం. ఈసారి మాత్రం ఆ శ్వాసకు ఒక వంశం, ఒక చరిత్ర ఉన్నాయి.

చదవలేని చీటీ

ఇంతవరకు దేహం గురించి సాగిన విచారణకు భాష తోడు కావాలి. రాసిన మందు ఎంత యుక్తమైనదైనా, రోగి దాన్ని తగినట్లు వాడినప్పుడే చికిత్స పూర్తవుతుంది. మందుచీటీపై వైద్యుడు రాసే బి.డి., టి.డి.ఎస్., హెచ్.ఎస్., ఎస్.ఓ.ఎస్. వంటి సంకేతాలు లాటిన్ పదాల కుదింపులు. ఇంగ్లీషు చదివిన రోగికి కూడా అవి బోధపడవు. చీటీకీ రోగికీ మధ్య వాస్తవమైన అనువాదకుడు మందుల దుకాణంలోని మనిషి. అట్టమీద 1-0-1 అని రాసి, 'పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక' అని ఆయన చెప్పే రెండు ముక్కలే చాలామందికి తెలుగులో అందే మొత్తం ఔషధ విజ్ఞానం. ఆ చెప్పడంలో పరగడుపున వేసుకోవలసినది తిన్నాకగా మారినా పట్టుకొనే ఏర్పాటు లేదు. మాత్రలను అట్ట నుంచి కత్తిరించి రెండు మూడు విడిగా ఇచ్చినప్పుడు గడువు తేదీ, హెచ్చరిక ఉన్న భాగం దుకాణంలోనే మిగిలిపోవడం సాధారణం. 2016లో భారత వైద్య మండలి తన నియమావళిని సవరించి, మందుల రసాయన నామాలను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని నిర్దేశించింది. ఆ పెద్ద అక్షరాలు కూడా ఇంగ్లీషువే.

2010లో మొదలైన భారత ఔషధ నిఘా కార్యక్రమం మందుల దుష్ఫలితాలను సేకరిస్తుంది. అటువంటి నిఘాకు మొదటి సాక్షి రోగి. 'కళ్ళు తిరిగాయి', 'గుండె దడగా ఉంది', 'ఒళ్ళు మంటలు', 'నీరసం', 'వేడి చేసింది' వంటి మాటలు వైద్యుని పరిభాషలోకి ఎలా అనువదింపబడతాయన్న దానిపై ఆ సాక్ష్యం విలువ ఆధారపడి ఉంటుంది. 'వేడి చేసింది' అనే ఒక్క మాట నోటిపూతను, మూత్రపు మంటను, కడుపు మంటను, దద్దుర్లను సూచించగలదు. అది ఏ మందుకు, ఏ అవయవ లక్షణమో నమోదు చేసేవారు అడిగి తెలుసుకోకపోతే సాక్ష్యం అక్కడే ఆవిరవుతుంది. రోగలక్షణాలకు, మందుల దుష్ఫలితాలకు తెలుగు వాడుక పదాల ప్రాంతీయ కోశం సిద్ధం చేయడం భాషా శాఖలు, వైద్య శాఖలు కలిసి చేయదగిన పని. పదార్థ నిర్ణయం ఇక్కడ పాండిత్య విషయం మాత్రమే కాదు, ప్రాణ విషయం.

ముగింపు

నూట ముప్పై ఏళ్ళ ఈ చరిత్రలో ప్రమాణ దేహం నాలుగు సార్లు మారింది. క్లోరోఫాం కమిషన్లకు అది ప్రయోగశాల జంతువు. పాఠ్యపుస్తకాల మోతాదుకు అది కడుపునిండిన పాశ్చాత్య దేహం. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలలో అది అర్ధాకలి మెట్లమీద నిలిచిన భారతీయ దేహం. జన్యు పరిశోధనలలో అది వంశచరిత్ర మోసే దేహం. ప్రతి మార్పుతోనూ మోతాదు అనే మాట తన పాత అర్థమైన అలవాటు నుంచి దూరమై, మాత్ర అనే మాట అర్థమైన కొలతకు దగ్గరైంది.

2017లో క్షయ చికిత్స దేశమంతటా రోగి బరువును బట్టి ప్రతిరోజూ మందు ఇచ్చే పద్ధతికి మారింది. 2018 ఏప్రిల్‌లో మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన చికిత్స కాలంలో క్షయ రోగికి ఆహారం కోసం నెలకు అయిదు వందల రూపాయలు మంజూరు చేసింది. ఈ నిర్ణయాలకు కారణాలు అనేకం. ఐతే మందుతో పాటు అన్నాన్ని కూడా చికిత్సలో భాగంగా ప్రభుత్వం గుర్తించడమంటే, పథ్యం అనే మాట విధాన పత్రంలోకి ప్రవేశించడమే. దారి తప్పనిది అనే ఆ శబ్దార్థం నెరవేరడానికి ఇంకొక మెట్టు మిగిలి ఉంది. రోగి తన మందుచీటీని తన భాషలో చదివి, అది తనకు తగినదో కాదో అడగగలిగిన నాడు ఈ విచారణలో అయిదవ ప్రమాణం చేరుతుంది. ఇంతకాలం పరీక్షకు నిలిచిన ఆ దేహమే అప్పుడు ప్రశ్న వేస్తుంది.